డాక్టరు గారికి చూపించాల్సిన కాగితం

బుధవారం రాత్రి, అక్కయ్యపాలెం, విశాఖపట్నం.

రేపు ఉదయం తొమ్మిదిన్నరకు రామ్‌నగర్‌లో హార్మోన్ల డాక్టరు గారి దగ్గర నాకు మొదటి అపాయింట్‌మెంటు. పదకొండేళ్ళుగా థైరాయిడుకూ, ఆరేళ్ళుగా షుగరుకూ మా వీధి చివరి డాక్టరు గారే మందులు రాస్తూ వచ్చారు. ఈసారి థైరాయిడు మందు చాలకపోతే పెరిగే టీఎస్‌హెచ్ 9.8, షుగరు అదుపును చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4 అని రిపోర్టు రావడంతో, రెండూ ఒకేసారి అదుపు తప్పాయి కనుక ఇక నిపుణులకే చూపించుకోవడం మంచిదని ఆయనే చీటీ రాసి ఇచ్చారు. చదువుకునే రోజుల్లో జీవశాస్త్రం పాఠంలో థైరాయిడును అవటు గ్రంథి అనీ, అది వినాళ గ్రంథుల్లో ఒకటి అనీ బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకున్న సంగతి ఆ చీటీ చూడగానే గుర్తుకు వచ్చింది.

పొద్దున వంట ముగించుకొని, బీరువాలోని పాత రిపోర్టులన్నీ తీసి తేదీల వరుసలో నేల మీద పరిచాను. పరగడుపు షుగరు ఏ కాగితంలో చూసినా 130కి అటూఇటూగా బుద్ధిగా ఉంది. ఎందుకు ఉండదు? పరీక్షకు మూడు రోజుల ముందు నుంచీ అన్నం మానేసి చోడి అంబలి తాగడం, పొద్దున్నే బీచ్ రోడ్డుకు వెళ్ళి గంటసేపు నడవడం, తిన్న తరువాత ఇవ్వాల్సిన రక్తాన్ని ఏదో ఒక వంకతో ఎగ్గొట్టడం నాకు అలవాటు. అయితే ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. వాటికి అంటుకున్న చక్కెరను లెక్కగట్టే హెచ్‌బీఏ1సీ ముందు నా మూడు రోజుల పథ్యం చెల్లలేదు, గడచిన రెండు మూడు నెలల బాగోతమంతా బయటపడింది.

అందుకే తినేవాటి గురించి ఉన్నది ఉన్నట్టు రాయాలని కూర్చున్నాను. చక్కెర మానేశానని అందరికీ చెప్పుకుంటూ, అనకాపల్లి బెల్లం వేసిన కాఫీ రోజుకు మూడుసార్లు తాగుతున్నాను. బెల్లంలోనూ అధికభాగం చక్కెరే కనుక రక్తానికి ఆ తేడా పట్టదని తెలియక కాదు, తెలిసీ ఒప్పుకోవడానికి మనసు రాక. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా తెచ్చే మాడుగుల హల్వా దగ్గర ‘అప్పుడప్పుడు’ అని రాసి, కొట్టేసి, డబ్బా ఖాళీ అయ్యే వరకు రోజూ అని మార్చాను.

తరువాత మందుల పట్టిక. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఏ గంటకు అని రాస్తూ ఉండగా ఒకచోట కలం ఆగిపోయింది. తెల్లవారి అయిదున్నరకు లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను, అది సరే. కిందటి వేసవిలో మోకాళ్ళ నొప్పులకని రాసిన కాల్షియం మాత్రను కూడా, మరచిపోకుండా ఉంటుందని, అదే డబ్బాలో పెట్టుకొని అదే గుక్కలో మింగుతున్నాను. మందుల షాపు అబ్బాయికి ఫోను చేస్తే, కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదనీ, రెండింటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలనీ, కాఫీ అయినా అరగంట ఆగాకే తాగాలనీ చెప్పాడు. నిరుడు 3.1 ఉన్న టీఎస్‌హెచ్ ఇంతకు పెరగడానికి కారణం ఇదేనా అన్నది డాక్టరు గారు తేల్చాలి. నేను మాత్రం కాల్షియాన్ని ఈ రోజు నుంచే రాత్రి భోజనానికి మార్చుకొని, మోతాదుల జోలికి పోకుండా, మార్చిన సంగతి కూడా పట్టిక కింద రాశాను. జుట్టు రాలుతోందని మా అక్క ఇచ్చిన బయోటిన్ మాత్రలు థైరాయిడ్ పరీక్ష అంకెలను తారుమారు చేయగలవట, కనుక వాటినీ చేర్చాను. అవి ఆపి ఇప్పటికి వారం అయింది.

అడగాల్సినవి పెద్దగా లేవు. థైరాయిడ్ మాత్ర పెంచాలా, ఎడం పాటించి ఆరు వారాల తరువాత మళ్ళీ రక్తం ఇస్తే చాలా? ఆరేళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నాను కనుక ఒంట్లో విటమిన్ బి12 ఎంతుందో చూడాలా? కంటి రెటీనా పరీక్ష ఒక్కసారి కూడా చేయించుకోలేదు, ఎక్కడ చేయించుకోవాలి?

కుటుంబంలో ఎవరికి ఉంది అన్న గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. అమ్మకు షుగరు ఉండేది. కాలి పుండు మానక పెద్దాసుపత్రిలో, అంటే కేజీహెచ్‌లో, ఇరవై రోజులు ఉంచి చివరకు బొటనవేలు తీసేశారు. చెప్పు కరిచిన చోట పుండు పడితే వారం వరకు ఆమెకు తెలియనే లేదు, ఎందుకంటే అప్పటికే పాదంలో స్పర్శ పోయింది. అది రాశాక, ఎవరికీ చెప్పని ఇంకో మాట కూడా రాయక తప్పలేదు. మూడు నెలలుగా రాత్రిళ్ళు నా ఎడమ పాదం వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, సూదులతో గుచ్చినట్టు ఉంటోంది. మావారికి చెబితే కంగారు పడతారని, నడక ఎక్కువై ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

ఆ మాట కాగితంలో అన్నిటికన్నా అడుగున, సన్నటి అక్షరాలతో పడింది. డాక్టరు గారి దగ్గర దొరికేది పది నిమిషాలో, పావుగంటో. బెల్లం కాఫీ దగ్గరే ఆ సమయం అయిపోతే ఇది మిగిలిపోతుందని తోచి, కొత్త కాగితం తీసుకొని పాదం సంగతిని మొదటి వరుసలో పెట్టి మొత్తం తిరగ రాశాను. రాస్తుండగా మంచినీళ్ళకు వచ్చిన మావారు భుజం మీదుగా చదివారు. ఏమీ అనకుండా వెళ్ళి, గుమ్మం దగ్గర నేను తీసిపెట్టుకున్న బెల్టు చెప్పులను లోపల పెట్టేసి, సులువుగా విప్పుకోవచ్చని మెత్తటి చెప్పులు తెచ్చి పెట్టారు.

రక్తం తీస్తారు కనుక పరగడుపున రమ్మనీ, ఉదయపు మాత్రలన్నీ ఆ తరువాతే వేసుకోమనీ ఫోనులో చెప్పారు. మాత్రల డబ్బా, మంచినీళ్ళ సీసా, ఫైలు సంచిలో సర్దాను. రేపు నాలుగు ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుంటే చాలు.