ఫోనులో కనిపించే ముఖానికి సిమ్ ఇవ్వరు

నా హైదరాబాద్ సిమ్ సౌదీలోని దమ్మాంలో, నా చేతుల్లోనే ప్రాణం వదిలింది. ఆ రోజు శుక్రవారం, సెలవు. కొత్త ఫోను కొన్నానన్న సంబరంలో పాతదానిలోంచి రెండు సిమ్‌లూ తీసి మార్చబోయాను. సౌదీ సిమ్ బుద్ధిగా వచ్చింది. ఇండియా సిమ్‌ను గోటితో కాస్త లాగానో లేదో, చిప్పు దగ్గర పుటుక్కున విరిగింది.

తప్పు దానిది కాదు. 2011లో తీసుకున్న సిమ్ అది, అప్పట్లో వేలి గోరంత ఉండేది. తర్వాత ఫోన్లు మారినప్పుడల్లా ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఒక కుర్రాడు కట్టర్‌లో పెట్టి నొక్కి, మొదట మైక్రో, ఆ తర్వాత నానో చేసిచ్చాడు. రెండోసారి బంగారు రంగు చిప్పు అంచుదాకా కోసేసి, ఇరవై రూపాయలు పుచ్చుకుని, 'ఏం కాదన్నా' అన్నాడు. నిజానికి చాలా ఏళ్లు ఏమీ కాలేదు కూడా.

నేను దమ్మాంలో ఏసీ మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. చిల్లర్లు, కాయిల్స్, వాటిని కడిగే మందులు, ఇదే నా లోకం. ఇంటికి ఏడాదికి ఒక నెల వస్తాను. మిగిలిన పదకొండు నెలలూ హైదరాబాద్‌లో నేను ఉన్నానని చెప్పడానికి సాక్ష్యం ఆ పది అంకెలే. ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో సంపాదించేవాళ్ల బ్యాంకు ఖాతా), బోరబండ ఫ్లాట్ మీద తీసుకున్న లోను, ఆధార్, పాన్, చివరికి గ్యాస్ బుకింగ్ కూడా ఆ నంబరుకే కట్టేసి ఉన్నాయి. రోమింగ్‌లో పెట్టుకుని, మెసేజ్‌లు వస్తే చాలని నెల నెలా రీఛార్జ్ చేయించేవాణ్ని.

కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే, చివరి రీఛార్జ్ ఎంత, ఎప్పుడు అని అడిగి, నేనే అని నమ్మాక, 'కొత్త సిమ్ కావాలంటే మీరే స్టోర్‌కు రావాలి సర్' అన్నారు. పనిచేస్తున్న సిమ్ చేతిలో ఉంటే దాన్నుంచే ఇ-సిమ్‌కు, అంటే కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్‌కు, మారవచ్చట. విరిగాక ఆ మాట విని ఏం లాభం?

మరునాడు మా ఆవిడను పంపాను. నా ఆధార్ జిరాక్స్, పాస్‌పోర్టు జిరాక్స్, పెళ్లి సర్టిఫికెట్ (అది ఎందుకో ఇప్పటికీ తెలియదు, తనే పెట్టుకుని వెళ్లింది) అన్నీ ఫైల్‌లో సర్దుకుని పదిన్నరకు షాపు తెరిచేసరికి అక్కడ ఉంది. మాకు అప్పుడు ఉదయం ఎనిమిది. సైట్‌లో హెల్మెట్ తీసి పక్కన పెట్టి వీడియో కాల్‌లో నిలబడ్డాను.

"ఆయన దమ్మాంలో ఉన్నారమ్మా, ఇదిగో చూడండి" అని మా ఆవిడ ఫోను కౌంటర్ వైపు తిప్పింది.

కౌంటర్‌లోని అమ్మాయి నన్ను చూసింది. నేను ఇకామా (సౌదీ నివాస అనుమతి) కార్డు చూపించాను, ఆధార్ నంబరు అప్పజెప్పాను, నాన్న పేరు చెప్పాను. ఆమె ఓపికగా అంతా విని, "సర్, ఫోనులో కనిపించే ముఖానికి సిమ్ ఇవ్వలేమండి" అంది.

నేను నోరు జారాను. పదిహేనేళ్ల కస్టమర్‌ను, నెల నెలా డబ్బు కడుతున్నాను, దేశానికి రియాళ్లు పంపుతున్నాను అని ఏదేదో అన్నాను. రియాళ్ల మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె మాత్రం గొంతు పెంచలేదు. మా ఆవిడే "ఇక చాలు లెండి, తర్వాత మాట్లాడదాం" అని కాల్ కట్ చేసింది.

రాత్రి గదిలో ఈ సంగతి చెబుతుంటే, జగిత్యాల నుంచి వచ్చిన నా రూమ్మేట్ నవ్వలేదు, అయ్యో అనలేదు. "ఇవ్వకపోవడమే మంచిదన్నా" అన్నాడు. అతని కథ నాకు తెలుసు. తెలిసీ ఆ కోపంలో మరిచిపోయాను.

అంతకు ముందు ఏడాది అతనికి వాట్సాప్‌లో ఒక కాల్ వచ్చింది. మీ సిమ్ కేవైసీ గడువు అయిపోయింది, ఇరవై నాలుగు గంటల్లో ఆగిపోతుంది, ఇప్పుడే ఒక మెసేజ్ వస్తుంది, దానికి జవాబు పంపండి అన్నారు. మాట్లాడినవాడు తెలుగులో, మర్యాదగా, 'అన్నయ్యా' అంటూ మాట్లాడాడట. ఇతను పంపాడు. అది నంబరును ఇ-సిమ్‌గా మార్చమనే అభ్యర్థన. అవతల దొంగ ఫోనులో నంబరు లేచి కూర్చుంది, ఇతని చేతిలోని కార్డు ఒట్టి ప్లాస్టిక్ ముక్కగా మిగిలింది.

సిమ్ మార్చడమంటే అంతే మరి. నంబరు మన కార్డులో ఉండదు. మన నంబరు ఫలానా కార్డుదని కంపెనీ కంప్యూటర్లో ఒక జత రాసి ఉంటుంది. ఆ జతలో కార్డు మారిన క్షణాన పాతది మూగబోతుంది. తాళం పగలగొట్టే పని లేదు, తాళం ఎవరిదో చెప్పే పుస్తకంలో పేరు మారిస్తే చాలు.

దొంగకు అడ్డం వేయడానికి ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. సిమ్ మార్చాక ఇరవై నాలుగు గంటల పాటు ఆ నంబరుకు మెసేజ్‌లు రావు, పోవు. అంటే ఓటీపీ రాదు. ఆ లోపల అసలు మనిషి ఫోనులో సిగ్నల్ పోయిందని గమనించి, గగ్గోలు పెట్టి ఆపించుకుంటాడని లెక్క. మంచి లెక్కే, కాకపోతే కూకట్‌పల్లిలో ఉన్నవాడి కోసం వేసిన లెక్క. అక్కడ ఫోనులో సిగ్నల్ పోతే గంటలో తెలుస్తుంది, పక్కింటివాడి ఫోను తీసుకుని అడుగుతాడు. మాకు రోమింగ్ సిగ్నల్ రోజుకు నాలుగుసార్లు పోతుంది. గురువారం రాత్రి పోతే ప్యాక్ అయిపోయిందేమో అనుకుంటాం. నా రూమ్మేట్ అలాగే అనుకుని, శుక్రవారం ఓవర్‌టైమ్‌కు వెళ్లి, ఫోను లాకర్‌లో పెట్టి పన్నెండు గంటలు పనిచేసి వచ్చి పడుకున్నాడు. శనివారం ఉదయానికి ఇరవై నాలుగు గంటలు దాటాయి, ఖాతా ఖాళీ అయింది.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి సౌదీ నంబరు నుంచి కొడితే కలవలేదు. జగిత్యాలలోని తమ్ముడు చేశాడు. కొంత డబ్బు దారిలో ఆపగలిగారు. మిగిలినదాని మీద బ్యాంకుతో ఉత్తరాలు నడుస్తున్నాయి. మన తప్పు లేకుండా డబ్బు పోతే, మూడు పని దినాల్లోపు బ్యాంకుకు చెబితే నష్టం మన మీద పడదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. కానీ ఆ మెసేజ్ పంపింది మీరే కదా అని బ్యాంకు అంటోంది. అతని దగ్గర దానికి జవాబు లేదు.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. నా ఆధార్ జిరాక్స్ ఎన్ని చోట్ల ఉంది? వీసా ఏజెంటు దగ్గర, మెడికల్ సెంటర్‌లో, అద్దె ఇంటి ఓనరు దగ్గర, ఆబిడ్స్‌లో ఎన్నో జిరాక్స్ షాపుల చెత్తబుట్టల్లో. కౌంటర్‌లోని ఆ అమ్మాయి మా ఆవిడ ఫైలు చూసి కరిగి ఉంటే, అలాంటి ఫైలుతో వచ్చే ప్రతి ఒక్కరికీ కరుగుతుంది.

అయినా కోపం పూర్తిగా పోలేదు, అందులో కొంత న్యాయం ఉంది కాబట్టి. విదేశాల్లో ఉన్నవాడు ఏం చేయాలి అన్న ప్రశ్నకు 'రండి' అన్నదొక్కటే జవాబు. బ్యాంకులో నంబరు మార్చుకుందామంటే పాత నంబరుకు ఓటీపీ వెళుతుంది, లేదంటే ధ్రువీకరించిన కాగితాలు పంపాలి. రాయబార కార్యాలయం రియాద్‌లో, మాకు దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో. పది దేశాల నంబర్లతో యూపీఐ వాడుకోవచ్చని 2023లో చెప్పినప్పుడు, సౌదీ కూడా ఆ జాబితాలో ఉందని సంబరపడ్డాను. బద్ధకించి మార్చుకోలేదు. అది మాత్రం నా తప్పే.

ఇంకో భయం తొంభై రోజులది. తొంభై రోజులు వాడని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తీసేయవచ్చు. ఖాతాలో ఇరవై రూపాయలుంటే అవి తీసుకుని ఇంకో ముప్పై రోజులు ఉంచుతారు. మా ఆవిడ రీఛార్జ్ చేస్తూనే ఉంది, కానీ చచ్చిన సిమ్‌కు ఎక్కించిన రీఛార్జ్ దేవుడికి ఎరుక. క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తూ కూర్చున్నాను. సెలవు డెబ్బై నాలుగో రోజున దొరికింది.

శంషాబాద్‌లో దిగిన మరునాడే అమీర్‌పేటలోని ఆ స్టోర్‌కు వెళ్లాను. అదే అమ్మాయి. నన్ను గుర్తుపట్టిందో లేదో, గుర్తుపట్టనట్టే ఉంది. పెద్ద మనసు.

"వేలు పెట్టండి సర్."

పెట్టాను. ఎర్ర లైటు. తుడిచి పెట్టాను. ఎర్ర లైటు. బొటనవేలు, చూపుడు వేలు, ఎడమ చెయ్యి, అన్నీ అయ్యాయి. కాయిల్స్ కడిగే మందు పన్నెండేళ్లుగా తాకి తాకి నా వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. గాజు మీద వేలు పెడితే మచ్చ పడుతుంది కానీ ముద్ర పడదు.

ఇది నాకు కొత్త కాదు. 2016లో సౌదీ ప్రభుత్వం ప్రతి సిమ్‌కూ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు, మా క్యాంపు దగ్గరి షాపు ముందు వందల మంది వరుస కట్టాం. తాపీ పనివాళ్లు, టైల్స్ వాళ్లు, లాండ్రీ వాళ్లు, ఎవరి వేలూ ఎక్కేది కాదు. ఆ షాపులోని మలయాళీ ఒక చిట్కా చెప్పాడు. వేలిని నుదుటి మీద, ముక్కు పక్కన గట్టిగా రుద్ది పెట్టాలి. చర్మం మీది జిడ్డు అంటుకుని ఉన్న కాసిని గీతలూ తేలతాయి. ఆ మధ్యాహ్నమంతా మేం వరుసలో నిలబడి నుదుళ్లు రుద్దుకుంటుంటే, చూసేవాళ్లకు ఏదో మొక్కు తీర్చుకుంటున్నట్టుండేది.

అమీర్‌పేటలో కూడా నుదురు రుద్దాను. ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది. వేలు మాత్రం ఎక్కలేదు.

ఆధార్ ఓటీపీ పంపమన్నాను. పంపితే అది ఏ నంబరుకు వస్తుందో గుర్తొచ్చి ఇద్దరం ఆగిపోయాం.

చివరికి ముఖం చూపించే పద్ధతి ఉందని యాప్‌లో వెతికింది. 2023 నుంచి దానికీ అనుమతి ఉంది. తెల్ల గోడ ముందు నిలబెట్టి, "కళ్లు ఆర్పండి సర్" అంది. ఆర్పాను. గడ్డం పెరిగింది, జుట్టు తగ్గింది, అయినా యంత్రం నన్ను ఒప్పుకుంది. అప్పుడు పేరు దగ్గర ఆగింది. 2011 ఫారంలో నా పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం ఒక్కటే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాస్‌పోర్టులో అది పేరు వెనక్కి వెళ్లింది. ఇకామా సంగతి అడగనే వద్దు, అరబ్బీలో ఇంగ్లీషు 'V'కి అక్షరం లేదు కాబట్టి వెంకట కాస్తా ఫెంకట అయ్యాడు. పాస్‌పోర్టు అసలు ప్రతి, తండ్రి పేరు, పుట్టిన తేదీ కలిపి చూసి, లోపలున్న పెద్దాయనను పిలిచి, ఆయన నన్ను ఎగాదిగా చూశాక అయింది.

ఇంత కట్టుదిట్టం చూసి ముచ్చట పడకండి. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ డీలరు భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను ఇంటర్నెట్‌లోంచి తీసి, రబ్బరు స్టాంపులు చేసి, వాటితో వేల సిమ్‌లు తెరిచాడు. నా అసలు వేలు ఒప్పుకోని యంత్రం రబ్బరు వేలును ఒప్పుకుంది. అందుకే ఇప్పుడు ఆధార్ యాప్‌లో నా వేలిముద్రలకు తాళం వేశాను. ఎలాగూ పనిచేయనివాటికి తాళం ఎందుకని మా ఆవిడ అడిగింది. దొంగ చేతిలో పనిచేస్తాయేమోనని.

సాయంత్రానికి సిగ్నల్ వచ్చింది. ఫోన్లు వస్తున్నాయి, మెసేజ్‌లు మాత్రం మరునాటి దాకా రావు. ఆ ఖాళీ రోజున టెలికాం శాఖ వారి సంచార్ సాథీ తెరిచి నా పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూడాలనుకున్నాను. దానికీ ఓటీపీ కావాలి. సరే అని వదిలేసి, తమ్ముణ్ని అడిగితే, 2012లో నా పేరు మీద తీసుకున్న నంబరు ఇంకా వాడుతున్నానని తాపీగా చెప్పాడు.

ఇంకో మాట కూడా ఆ రోజే తట్టింది. నా సౌదీ సిమ్ ఇక్కడ హైదరాబాద్‌లో జేబులో ఉంది. అబ్షర్ (సౌదీ ప్రభుత్వ సేవల యాప్), జీతం బ్యాంకు, అన్నీ దాని మీదే. ఇది ఏ మెట్రోలోనో పోతే, కొత్తది ఇవ్వాలంటే దమ్మాంలో వేలు పెట్టాలి. లేని చోట కావాల్సిన మనిషిని, ఉన్న చోట ఎవరికీ అక్కరలేని మనిషిని. ఆ సిమ్‌ను ఇక్కడే కూర్చుని ఇ-సిమ్‌గా మార్చేశాను.

మరునాడు నేను బాల్కనీలో కూర్చున్నాను. మా ఆవిడ బ్యాంకు యాప్ తెరిచి లోను వాయిదా వివరాలు సిద్ధంగా పెట్టింది. గడియారంలో ఇరవై నాలుగు గంటలు దాటాయి. ఫోను టింగుమంది. ఇద్దరం ఒకేసారి వంగాం.

సదాశివపేటలో ప్లాట్లు, సులభ వాయిదాలు, ఆదివారం సైట్ విజిట్‌కు ఉచిత కారు.

"దీనికోసమా రెండున్నర నెలలు" అంది మా ఆవిడ.