9వ తేదీ ఓపీ

ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. 2016 నుంచి నడుస్తున్న పద్ధతి. ఇవాళ విశాఖలో ఉక్క మామూలుగా లేదు. కంచరపాలెం నుంచీ జాలారిపేట నుంచీ వచ్చినవాళ్ళతో వరండా నిండిపోయింది. నా దగ్గర కొత్త హౌస్ సర్జన్లు ఇద్దరు.

ఐదో నెల అమ్మాయి, హిమోగ్లోబిన్ 8.6. పోయిన నెలా దాదాపు అంతే. "ఐరన్ బిళ్ళలు వేసుకుంటున్నావా అమ్మా?" అని హౌస్ సర్జన్ అడిగితే, "వేసుకుంటున్నానండి" అంది. రోజుకు రెండు అని హౌస్ సర్జన్ కార్డు మీద రాసేసింది. రాసింది సరైనదే, 7 నుంచి 11 లోపు ఉంటే రెండు ఇవ్వాల్సిందే. కానీ ఆ బిళ్ళ కడుపులోకి ఎలా వెళ్తోందో ఇంకా తెలియలేదు. పక్కన కూర్చుని, పొద్దున లేచింది మొదలు ఏం చేస్తావో చెప్పమన్నాను.

తెల్లారకముందే హార్బర్‌కి వెళ్ళి చేపలు తెచ్చుకుంటుంది. రాగానే గ్లాసుడు టీ. ఆ టీతోనే ఎర్ర బిళ్ళ, కాల్షియం బిళ్ళ రెండూ కలిపి మింగేస్తుంది. విరేచనం నల్లగా అవుతోందని భయపడి మధ్యమధ్య మానేసింది కూడా.

టీతో వేసుకుంటే ఇనుము సరిగా ఒంటికి పట్టదు, కాల్షియం తోడైతే మరీనూ. నలుపు ఆ బిళ్ళ వల్లే, భయం లేదని చెప్పాను. పొద్దున చోడి అంబలి తాగాక కాల్షియం, మధ్యాహ్నం అన్నం తిన్న కాసేపటికి నిమ్మనీళ్ళతో ఐరన్ అని చెబితే, "అయితే రెండో ఐరన్ రాత్రికి, రెండో కాల్షియం సాయంత్రం, టీ దూరంగా. అంతేనా మేడమ్?" అని తనే అప్పజెప్పింది. ఎంత చురుకైన పిల్లో!

తర్వాత 34 వారాల ఆవిడ. బీపీ 150/100. కాసేపు కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తున పెట్టించి మళ్ళీ చూస్తే అంతే. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ టూ ప్లస్, అంటే ఎక్కువగానే పోతోంది. తలనొప్పి ఉందా అంటే, "ఎండకేమో అనుకున్నానండి" అంది. ఆసుపత్రిలో చేర్చాలన్నాను. "నడిచే వచ్చింది కదమ్మా, అడ్మిషన్ ఎందుకు?" అని అత్తగారు. గర్భంలో బీపీ పెరిగే ఈ జబ్బులో నాకు కోపం తెప్పించేది ఇదే, చాలాసార్లు ఫిట్స్ వచ్చేదాకా మనిషి బాగానే కనిపిస్తుంది. ఆ మాటే అత్తగారికి ఓపిగ్గా చెప్పాక ఒప్పుకుంది.

ఇంత లైనుంటే అందరితో ఇలా మాట్లాడటం కుదురుతుందా అని హౌస్ సర్జన్లు అడిగారు. అందరితో కుదరదు. బీపీ, మూత్రం మాత్రం ఒక్కరికీ వదలకూడదు. రక్తం పెరగనివాళ్ళ దగ్గర కూర్చోవాలి.

ఆ చేపల అమ్మాయి కార్డు మీద టీ సంగతి తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాను. వాళ్ళ ఆశా కార్యకర్తకూ ఫోన్ చేసి చెప్పాను. వచ్చే నెల హిమోగ్లోబిన్ మళ్ళీ చూడాలి. అప్పటికీ పెరగకపోతే ఐరన్ ఇంజెక్షన్ సంగతి ఆలోచిస్తాం.