పసిపిల్లల యూరిన్ రిపోర్ట్‌లో ‘ఈస్ట్’ అని వస్తే

మలక్‌పేటలో నేను పనిచేసే ల్యాబ్‌కి మొన్న ఒకావిడ ఎనిమిది నెలల పాపని చంకనేసుకొని వచ్చింది. ఫోన్‌లో ‘ఈస్ట్’ (ఒక రకం ఫంగస్) అని ఉన్న రిపోర్ట్ చూపిస్తూ, "అక్కా, కిడ్నీలకి ఫంగస్ పట్టిందా?" అని ఒకటే ఏడుపు. "శాంపిల్ ఎలా పట్టారమ్మా?" అని అడిగాను.

బ్యాగ్ అంటించి పట్టారట. పాపకి డైపర్ దగ్గర ఎర్రగా ఒరిసిపోయి ఉంది. అలాంటి చోట క్యాండిడా అనే ఫంగస్ తరచూ ఉంటుంది. మూత్రం ఆ చర్మం మీదుగా బ్యాగ్‌లోకి దిగితే అదీ కలిసి వస్తుంది. డాక్టర్ గారు సన్నని ట్యూబ్‌తో మళ్లీ శాంపిల్ తీయించారు. అందులో ఈస్ట్ లేదు.

అలాగని అన్ని రిపోర్టుల్నీ తేలిగ్గా తీసుకోకూడదు. నెలలు నిండకుండా పుట్టి ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఉన్న పిల్లలు, చాలా రోజులు యాంటీబయాటిక్స్ వాడినవాళ్లు, యూరిన్ ట్యూబ్ ఉన్నవాళ్లు, పుట్టుకతో మూత్రనాళాల్లో అడ్డు ఉన్నవాళ్లు: వీళ్లలో ఇది నిజమైన ఇన్ఫెక్షన్ కావచ్చు. నెలలు నిండని పిల్లల్లో రక్తంలోనూ ఫంగస్ ఉండొచ్చు. ఒక్కోసారి కిడ్నీలో ఫంగస్ ఉండకట్టి మూత్రానికి అడ్డుపడుతుంది. అందుకే డాక్టర్లు స్కానింగ్ కూడా రాస్తారు.

మా బల్ల దగ్గర పని ఓపికతో కూడినది. మైక్రోస్కోప్‌లో ఈస్ట్ కణాలు ఎర్ర రక్తకణాల్లా కనబడి తికమక పెడతాయి. పక్కన చిన్న మొగ్గ వేసిన కణం కనిపిస్తే అప్పుడు ధైర్యంగా రాస్తాం. మూత్రంలో ముంచే స్ట్రిప్‌లో నైట్రైట్ (కొన్ని బ్యాక్టీరియా వల్ల వచ్చే పదార్థం) నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఫంగస్ లేదనుకోలేం, క్యాండిడా ఉన్నా అది పాజిటివ్‌గా మారదు. కల్చర్‌లో (ల్యాబ్‌లో క్రిముల్ని పెంచే పరీక్ష) ఫంగస్ పెరిగాక కొంచెం తీసి సీరమ్‌లో (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) వేసి 37 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచుతాం. సన్నని గొట్టాలు మొలిస్తే చాలావరకు అది క్యాండిడా ఆల్బికన్స్ అనే రకం. ఏ రకమో తెలియడం ముఖ్యం. ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు మూత్రంలోకి బాగా చేరుతుంది కాబట్టి ఎక్కువగా అదే రాస్తారు, కానీ క్యాండిడా గ్లాబ్రాటా అనే రకం దానికి సరిగా లొంగకపోవచ్చు.

మెడికల్ షాపులో అడిగి ఆ మందు పసిబిడ్డకి వేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయం. లక్షణాలేవీ లేని పిల్లల్లో చాలాసార్లు ట్యూబ్ తీసేసి, అక్కర్లేని యాంటీబయాటిక్స్ ఆపితేనే ఫంగస్ పోతుంది. ఏది ఆపాలో, ఏది మొదలుపెట్టాలో డాక్టర్ గారే చెప్పాలి. పసిబిడ్డకి జ్వరం ఉంటే రిపోర్ట్ కోసం కూడా ఆగకండి, వెంటనే చూపించండి.

ఉప్పల్ నుంచి ఎండలో, ట్రాఫిక్‌లో రెండు గంటలు సీసా పట్టుకొని వచ్చేవాళ్లున్నారు. ఆ వేడికి క్రిములు పెరిగిపోతాయి. ఐస్ ప్యాక్ పక్కన పెట్టుకొని తెండి. శాంపిల్ ఎలా పట్టారో, ఏ మందులు వాడుతున్నారో ఫారం మీద రాయించండి.