ఓవిదియు బస్సులో హాజీ మీద ఒక వాదన

ఆగస్టు నెలలో బుకారెస్ట్ నుంచి కొన్‌స్తాన్‌త్సా వెళ్ళే రైలు గురించి మంచి మాట చెప్పడం నా వల్ల కాదు. దేశంలో సగం మంది నల్లసముద్రానికే బయలుదేరినట్టుగా ఉంది. పెట్టెలో చల్లగాలి యంత్రం ఊరికే చప్పుడు చేస్తోంది. చెర్నవోదా దగ్గర డాన్యూబ్ దాటే వంతెన వచ్చేసరికి కిటికీ వైపు తల తిప్పే చోటు కూడా నాకు మిగలలేదు. మమాయా తీరంలో గొడుగు కింద కుర్చీకి అద్దె కట్టి, రెండు చేపముక్కలు తేలే పులుసుకు 40 లేయిలు సమర్పించుకున్నాక సముద్రం మీద ఆసక్తి పూర్తిగా పోయింది. నేను వచ్చింది సముద్రం కోసం కాదు, రుమేనియా ఫుట్‌బాల్ ఆటగాడు గెయోర్గె హాజీ కోసం.

మరునాడు ఉదయం ఓవిదియు వెళ్ళే బస్సెక్కాను. కొన్‌స్తాన్‌త్సాకు ఉత్తరాన, సియుత్‌గియోల్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్టణంలోనే హాజీ 2009లో తన ఫుట్‌బాల్ అకాడమీని, వీతోరుల్ అనే క్లబ్బును స్థాపించాడు. ఆయన పుట్టింది కూడా ఈ జిల్లాలోనే, 1965లో, సచెలె అనే పల్లెలో, రుమేనియన్‌కు దగ్గరి భాష మాట్లాడే అరోమేనియన్ల కుటుంబంలో. నా పక్క సీట్లో మనవరాలితో కూర్చున్న ఒక పెద్దాయన నేను ఎక్కడికి వెళుతున్నానో అడిగాడు. హాజీ పేరు వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది, ఆ పిల్ల ముఖం మాత్రం ఈ కథ వందసార్లు విన్నదానిలా వాడిపోయింది. పాపం, మా ఇద్దరి మధ్య ఇంగ్లీషు మోయాల్సిన భారం దాని మీదే పడింది.

నేను దాపరికం లేకుండా నా అభిప్రాయం చెప్పాను. 1994 జూన్‌లో, అమెరికాలో జరిగిన ప్రపంచకప్పులో, మనకు ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి మొదలైన కొలంబియా మ్యాచ్‌లో, ఎడమ గీత దగ్గర నుంచి హాజీ కొట్టిన బంతి గోల్‌కీపర్ కోర్దోబా తల మీదుగా వంగి వలలో పడ్డప్పుడు టీవీ ముందున్న నేను కేక వేసి ఇల్లంతా లేపాను. ఆ తర్వాత రుమేనియా అర్జెంటీనాను 3-2తో ఓడించి, క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ చేతిలో పెనాల్టీలతో ఓడింది. అంతటి ఆటగాడు రియల్ మాడ్రిడ్, బార్సిలోనా రెండింటికీ ఆడాడంటే ఆయన శిఖరం స్పెయిన్‌లోనే ఉండి ఉంటుందని నేను అన్నాను.

పెద్దాయన చేతులూపుతూ ఆ మాటను కొట్టిపారేశాడు. మాడ్రిడ్‌లో 1990 నుంచి రెండేళ్ళు, బార్సిలోనాలో 1994 నుంచి రెండేళ్ళు ఆడి, ఆ రెండు చోట్లా ఒక్క లీగ్ టైటిల్ కూడా గెలవలేదు కదా, ఇక శిఖరం ఎక్కడిదని అడిగాడు. నేను కళ్ళు నులుముకుంటూ చూసిన ఆ ప్రపంచకప్పు నాటికి హాజీ ఇటలీ క్లబ్బు బ్రెషా ఆటగాడన్న సంగతి కూడా ఆయనే గుర్తుచేశాడు. మాడ్రిడ్ నుంచి ఇటలీకి వెళ్ళిన తొలి సీజన్‌లోనే క్లబ్బు రెండో శ్రేణికి పడిపోయినా హాజీ దానితోనే ఉండి, మళ్ళీ పైకి తెచ్చి, ఆపైన అమెరికా వెళ్ళాడు. అంటే ఆ టోర్నీ అంతటినీ తనవైపు తిప్పుకున్న మిడ్‌ఫీల్డర్ అంతకు ముందు ఏడాదంతా ఇటలీ రెండో శ్రేణి మైదానాల్లో ఆడి వచ్చినవాడు! ఇది నేను ఎప్పుడూ పట్టించుకోని విషయం.

తర్వాత పెద్దాయన, హాజీ బుకారెస్ట్‌లోని సైన్యం క్లబ్బు స్తెయావాకు ఆడిన రోజుల్లోకి వెళ్ళాడు. స్పోర్తుల్ స్తుదెన్‌త్సెస్క్ తరఫున 1985-86లో 31 గోల్స్ కొట్టిన కుర్రాణ్ణి, 1987 ఫిబ్రవరిలో డైనమో కీవ్‌తో యూరోపియన్ సూపర్ కప్పు ఆడడానికి స్తెయావా తెచ్చుకుంది. మ్యాచ్‌లో పడ్డ ఏకైక గోల్ అతనిదే. ఆ ఒక్క మ్యాచ్‌కని తెచ్చుకున్నవాణ్ణి సైన్యం క్లబ్బు మరి తిరిగి పంపలేదు. 1989లో యూరోపియన్ కప్పు ఫైనల్ దాకా వెళ్ళి మిలాన్ చేతిలో 0-4తో ఓడారు. కమ్యూనిస్టు నియంత చౌషెస్కూ పాలన ఆ డిసెంబరులో కూలింది కాబట్టే, 25 ఏళ్ళ వయసులో హాజీ విదేశం వెళ్ళగలిగాడు. స్పెయిన్‌కు ఆలస్యంగా చేరిన ఆటగాడిని స్పెయిన్‌తో కొలవడం అన్యాయమన్నది పెద్దాయన తీర్పు.

పెద్దాయనకు అసలైన మక్కువ మాత్రం ఇస్తాంబుల్ మీద. దోబ్రుజా అని పిలిచే ఈ నల్లసముద్ర తీర ప్రాంతంలో తాతార్లు, తుర్కులు తరతరాలుగా ఉన్నారు. ఆయనా ఆ కుటుంబాలవాడే. 31 ఏళ్ళ వయసులో ఇస్తాంబుల్ క్లబ్బు గలతసరాయ్‌కు వెళ్ళిన హాజీ వరుసగా నాలుగు లీగ్ టైటిళ్ళు గెలిచి, 2000లో కోపెన్‌హేగన్‌లో ఆర్సెనల్‌పై యూఈఎఫ్‌ఏ కప్పు సాధించిన జట్టుకు మెదడుగా నిలిచాడు. ఆ ఫైనల్లో అదనపు సమయంలో రెడ్ కార్డు తీసుకుని బయటకు నడిచినదీ ఆయనే. కొద్ది వారాలకే యూరో క్వార్టర్ ఫైనల్లో, ఇటలీపై తన చివరి అంతర్జాతీయ మ్యాచ్‌లోనూ రెడ్ కార్డే. కోపం లేని హాజీ కావాలంటే వేరే ఆటగాణ్ణి వెతుక్కోమన్నాడు పెద్దాయన. ఆ వాక్యాన్ని మాత్రం మనవరాలు ఇష్టంగా అనువదించింది.

మీ దగ్గర ఫుట్‌బాల్ ఉందా అని ఆయన అడిగినప్పుడు కొంచెం గర్వంగానే రహీం సాబ్ గురించి చెప్పాను. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందనీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిందనీ అన్నాను. ఆయన పేరుతో అకాడమీ ఎక్కడుందని వెంటనే వచ్చిన ప్రశ్నకు నేను కిటికీలోంచి సరస్సును చూపించి మాట మార్చాను.

ఓవిదియులో ఆ రోజు మ్యాచ్ లేదు. కంచె అవతల పన్నెండేళ్ళలోపు పిల్లలు ఎండలో ఒకే పాస్‌ను మళ్ళీ మళ్ళీ సాధన చేస్తుంటే, ప్రతి తప్పుకూ ఈల ఊదే శిక్షకుడి ఓపికకు నేను నీడలో నిలబడే అలసిపోయాను. ఈ సాధన మైదానాల నుంచే 2016-17 రుమేనియా లీగ్ విజేత వీతోరుల్ తయారైంది. 2021లో వీతోరుల్, కొన్‌స్తాన్‌త్సాలోని పాత క్లబ్బు ఫారుల్ ఒకటయ్యాక, హాజీయే కోచ్‌గా 2022-23 టైటిల్ కూడా ఇక్కడికే వచ్చింది. కుర్రాడిగా ఆయన ఆట నేర్చుకున్నది ఆ ఫారుల్‌లోనే.

తిరుగు బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. పెద్దాయన మాట సగమైనా నిజమో కాదో తేల్చుకోవాలంటే ఇస్తాంబుల్ వెళ్ళి అక్కడి టీ దుకాణాల్లో అడగాలి. ఫోన్‌లో విమానం టికెట్ ధర చూశాను. మమాయా చేపల పులుసు చవకే అనిపించింది.