నల్ల కుక్కలకి జున్నురంగు పిల్లలు

జూలై రెండో వారంలో మా కాటుక ఈనింది. కొబ్బరి డొక్కల బస్తాల వెనక తెల్లవారుజామున మూడింటికి మొదలుపెట్టి, ఏడయ్యేసరికి ఏడు పిల్లల్ని పెట్టింది. మొదటి మూడూ నలుపే. నాలుగోది బయటికి రాగానే మా ఆవిడ ఫోన్ లైటు దగ్గరగా పెట్టి, "ఇదేంటండీ, జున్నుముక్కలా ఉంది?" అంది. ఆరోది కూడా అదే రంగు. మిగిలిన రెండూ మళ్ళీ బొగ్గు.

కాటుక నల్ల ల్యాబ్రడార్. తండ్రీ నల్ల ల్యాబ్రడారే, నరసాపురంలో ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారిది. మే నెలలో కాటుక హీట్‌కి వస్తే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి తీసుకెళ్ళి, రోజు విడిచి రోజు రెండుసార్లు క్రాసింగ్ వేయించాను. మాస్టారు డబ్బులు వద్దన్నారు. "పిల్లల్లో నాకు నచ్చింది ఒకటి పట్టుకెళ్తానోయ్, అంతే" అన్నారు.

ఫొటో పంపిన పది నిమిషాలకి ఫోన్ వచ్చింది.

"అబ్బాయ్, మా వాడి తల్లి నలుపు, తండ్రి నలుపు, తాత నలుపు. నీ దడి ఓసారి చూసుకో."

ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే మా వీధిలో ఇటుకరంగు ఊరకుక్క ఒకటుంది. మేలో అది మా కొబ్బరి మట్టల దడి చుట్టూ తిరగడం అందరూ చూశారు. సాయంత్రానికి ఊరంతా పాకింది. రెండు పిల్లలకి అడ్వాన్సు ఇచ్చిన రొయ్యల చెరువు ఆయన వచ్చి, "మీరేమీ అనుకోకండి ఆయ్, ల్యాబ్ అంటే ఇచ్చానండి" అని డబ్బులు వెనక్కి తీసుకుపోయారు. సంక్రాంతికి కోడి ఈక చూసి డేగ, కాకి, నెమలి అని విడదీసి జాతకం చెప్పే ప్రాంతం మాది. రంగు చూసి తండ్రెవరో చెప్పడం వాళ్ళకో లెక్కా!

పిల్లలకి నులిపురుగుల మందు వేయించడానికి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు డాక్టరు గారితో గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన చేయి ఎప్పుడూ గేదెల మీదే ఉంటుంది గాని, కుక్కలంటే ప్రాణం. మందుల అట్ట వెనక పెన్నుతో గీసి చెప్పారు. కుక్క వెంట్రుకకి రెండే రకాల రంగులు: నలుపు, పసుపు-ఎరుపు. ఏది తయారు కావాలో చెప్పే స్విచ్ లాంటి జీన్ పేరు ఎమ్‌సీ1ఆర్. పసుపు ల్యాబ్‌లలో ఈ జీన్‌లోని డీఎన్ఏ అక్షరాల్లో ఒకే ఒక్కటి మారి, ప్రొటీన్ పూర్తికాకముందే తెగిపోతుంది. స్విచ్ పనిచేయదు కాబట్టి వెంట్రుకలో నలుపు తయారు కాదు. చర్మం సంగతి వేరు, అందుకే పసుపు ల్యాబ్‌కి కూడా ముక్కు నల్లగానే ఉంటుంది. ప్రతి కుక్కకీ ఈ జీన్ రెండు కాపీలు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్క కాపీ బాగున్నా కుక్క నల్లగానే పుడుతుంది, చెడిన కాపీ లోపల దాక్కునే ఉంటుంది. అలాంటి రెండు నల్ల కుక్కలు కలిస్తే సగటున నాలుగింట ఒక పిల్ల పసుపు.

"అంటే ఊరకుక్క కాదంటారా?" అన్నాను.

"అది కాదండీ విచిత్రం. ఆ ఇటుకరంగు కుక్కే తండ్రి అయితే పిల్లలు నల్లగా పుట్టాలి."

నాకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాను. ఊరకుక్కల ఇటుకరంగు మామూలుగా వేరే జీన్ పని, దాని పేరు ఏఎస్ఐపీ. ల్యాబ్‌లలో దాని నోరు మూయించే ఇంకో జీన్ ఉంది, సీబీడీ103. దీన్ని 2007లో కనిపెట్టినప్పుడు శాస్త్రవేత్తలే ఆశ్చర్యపోయారట, ఎందుకంటే అది రోగాలతో పోరాడే ప్రొటీన్ల కుటుంబంలోది. అందులో మూడు అక్షరాలు ఎగిరిపోతే కుక్క నలుపు. ఆ రకం ఒక్క కాపీ వచ్చినా చాలు, ఇటుకరంగు అణిగిపోతుంది. ల్యాబ్‌లకి దాదాపు అన్నిటికీ రెండు కాపీలూ అవే. కాబట్టి కాటుక నుంచి ప్రతి పిల్లకీ ఒకటి ఖాయం. పసుపు పిల్ల పుట్టాలంటే చెడిన ఎమ్‌సీ1ఆర్ అటు నుంచీ ఇటు నుంచీ రావాలి. ఊరకుక్కలోనూ అది దాగి ఉంటే తప్ప, ఆ రెండు పిల్లలూ మాస్టారి కుక్క వైపే వేలు చూపిస్తున్నాయి.

"కానీ ఒక్క ఈతలో ఇద్దరు తండ్రులు కూడా ఉండొచ్చండి కుక్కల్లో. రంగు పట్టుకుని తగువులాడొద్దు, డీఎన్ఏ చేయించండి" అని ముగించారు.

ఏడు పిల్లలు, తల్లి, తండ్రి, మొత్తం తొమ్మిది శాంపిళ్ళు. తండ్రిది కావాలంటే మాస్టారు ఒప్పుకోవాలి. ఆగస్టులో గోదావరి పెరిగి పంటు ఆపేశారు. దిండి వెళ్ళి చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి నరసాపురం చేరాను. "మా వాడికి పరీక్షా?" అని మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు. సంవత్సరం చెబితే గాని ఆయన ఏదీ నమ్మరు. అందుకే ముందురోజు రాత్రి చదివి వెళ్ళాను. 1899లో ఇంగ్లండులో రెండు నల్ల ల్యాబ్‌లకి పసుపు పిల్ల పుట్టింది, పేరు బెన్ ఆఫ్ హైడ్, రికార్డుల్లోకి ఎక్కిన మొదటి పసుపు ల్యాబ్ అదే. అక్కడి కెన్నెల్ క్లబ్బు ల్యాబ్రడార్‌ని జాతిగా గుర్తించింది 1903లో, అంటే దాని తర్వాతే. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "1899 అంటే మన దగ్గర కర్జన్ వైస్రాయ్ అయిన ఏడు" అని, కుక్కని పిలిచారు.

బుగ్గ లోపల దూదిపుల్ల పెట్టి అర నిమిషం తిప్పడమే పని. వినడానికి సులువే. పిల్లలు పాలు తాగి ఉంటే వాటి నోట్లో తల్లి కణాలు ఉంటాయి, శాంపిల్ కలగాపులగం అవుతుంది. అందుకని గంటసేపు పిల్లల్ని తల్లికి దూరంగా బుట్ట కింద పెట్టాం. ఏడూ ఒకే గొంతుతో ఏడుపు, బయట కాటుక తలుపు గోకుడు. పుల్లలు తీసి కాయితం కవర్లలో పెట్టి, కవర్లన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి కొరియర్‌లో పంపాను. వరదకి కొరియర్ అయిదు రోజులు ఎక్కడో ఆగింది. పరీక్షలు చేసే ల్యాబొరేటరీ నుంచి మెసేజ్ వచ్చింది: బూజు పట్టింది, మళ్ళీ పంపండి. తప్పు నాదే. ఆరనివ్వమని కాగితంలో రాసే ఉంది, కానీ కోనసీమలో ఆగస్టులో ఆరేదేముంది, తువ్వాలు కూడా ఆరదు.

రెండోసారి పుల్లల్ని గ్లాసుల్లో నిలబెట్టి రాత్రంతా ఫ్యాను కింద ఉంచాను. కరెంటు రెండుసార్లు పోయింది, మా ఆవిడ విసనకర్రతో విసిరింది. పొద్దున్నే కాయితం కవర్లలో పెట్టి, స్టీలు డబ్బాలో బియ్యం పోసి ఆ బియ్యం మీద పెట్టి పంపాం. రెండు కొరియర్లూ, తొమ్మిది టెస్టులూ కలిపి ఒక దింపు కొబ్బరి డబ్బులు అయిపోయాయి.

రిపోర్టు వచ్చేలోగా మాస్టారు మెత్తబడ్డారు. పంటు మళ్ళీ తిరగగానే వచ్చి పిల్లల్ని చూశారు. జున్నురంగు వాటిని చేత్తో కూడా తాకలేదు గాని, నల్లవాటిలో వెడల్పు తల, పొట్టి మూతి ఉన్నదాన్ని ఎత్తి, "జాతంటే ఇదోయ్" అని మెడకి ఎర్రదారం కట్టారు. కాటుక అప్పుడు ఆయన చెప్పు పక్కన రాలిన కొబ్బరిపిందె నముల్తోంది. ల్యాబ్‌ల తిండిపోతుతనానికీ ఒక జీన్ ఉందని 2016లో తేలింది. పీఓఎమ్‌సీ అనే జీన్‌లో 14 అక్షరాలు ఎగిరిపోయిన కుక్కలకి ఆకలి ఎక్కువ. ల్యాబ్‌లలో నాలుగింట ఒకదానికి దాదాపుగా ఈ లోపం ఉందట. కాటుకకి ఆ టెస్టు అక్కర్లేదు.

మూడు వారాలకి రిపోర్టు. మొదటి పేజీలో కాటుకకీ, మాస్టారి కుక్కకీ ఎమ్‌సీ1ఆర్ ఒకటి మంచిది, ఒకటి చెడింది. జున్నురంగు పిల్లలు రెండూ మాస్టారి కుక్కవే. గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ ఊపులోనే రెండో పేజీ తిప్పాను. డీఎన్ఏలో పోల్చి చూసే ఒక్కో చోటుని మార్కర్ అంటారు. ప్రతి మార్కర్ దగ్గరా పిల్లకి రెండు అంకెలుంటాయి. ఒకటి తల్లిలో దొరకాలి, రెండోది తండ్రిలో దొరకాలి. ఆరు పిల్లలకి దొరికాయి. అయిదో నంబరు పిల్లకి ఒక్క మార్కర్ కాదు, చాలా చోట్ల రెండో అంకె మాస్టారి కుక్కలో లేదు. తండ్రి వేరు.

అయిదో నంబరు పిల్ల నలుపు. వెళ్ళి చూశాను. మెడలో ఎర్రదారం.

డాక్టరు గారికి ఫోన్ చేస్తే నవ్వాపుకోలేకపోయారు. "చెప్పాను కదండీ, నల్లగా పుడుతుందని." ఫోన్ పెట్టేసి దడి చుట్టూ తిరిగాను. గాబు వెనక రెండు మట్టలు కుళ్ళి, కింద కుక్క దూరేంత సందు. మేలో అటువైపు ఎప్పుడూ వెళ్ళలేదు నేను.

దాచితే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదనను. కానీ ఆదివారం రిపోర్టూ, గంపలో ఎర్రదారం పిల్లా, ఒక జున్నురంగు పిల్లా పట్టుకుని పంటు ఎక్కాను. మాస్టారు రెండు పేజీలూ వేలు పెట్టి చదివారు. అయిదో నంబరు దగ్గర వేలు ఆగింది. లోపలి నుంచి వాళ్ళావిడ వచ్చి ఎర్రదారం పిల్లని ఒళ్ళోకి తీసుకుని, "వచ్చావా బంగారం" అని వంటింట్లోకి తీసుకెళ్ళిపోయారు.

మాస్టారు కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. గంపలో మిగిలినదాన్ని చూస్తూ అడిగారు, "ఇది మా వాడిదే కదూ?"

"అవునండి మాస్టారూ."

"ముక్కు నల్లగానే ఉందే" అని మొదటిసారి దాన్ని ఎత్తుకుని వెలుతురులోకి తిప్పారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడకి చెప్పకు. రెంటినీ వదిలెయ్" అన్నారు.