ఆ 60 నిమిషాల పెనాల్టీ

సంచికకి ఏదైనా రాయమనగానే నాకు మూడో సంవత్సరంలో నెల్లూరులో వేరే కాలేజీ వాళ్లు పెట్టిన ప్రోగ్రామింగ్ పోటీ గుర్తొచ్చింది. కావలి నుంచి ముగ్గురం పొద్దున్నే ప్యాసింజర్లో వెళ్లాం. ల్యాబ్ తలుపుకి అంటించిన జిరాక్స్ కాగితం మీద ఐదే రూల్స్, నాలుగోది "ప్రతి తప్పు సబ్మిషన్‌కి 20 నిమిషాల పెనాల్టీ". సబ్మిషన్ అంటే రాసిన ప్రోగ్రాంని చెకింగ్‌కి పంపడం. అందరం చదివాం, ఎవరూ ఏమీ అడగలేదు.

ఎక్కువ ప్రాబ్లమ్స్ చేసినవాళ్లు ముందు, సమానమైతే మొత్తం నిమిషాలు తక్కువున్నవాళ్లు. మేం మూడు ప్రాబ్లమ్స్ చేశాం. 18, 47, 110 నిమిషాలకి ఒక్కోటి అయింది, వాటిలో ఒకదానికి ముందు ఒక తప్పు పోయింది కాబట్టి మొత్తం 195. నాలుగోదానికి మూడుసార్లు పంపితే మూడుసార్లూ రాంగ్ ఆన్సరే, చివరికీ అది కాలేదు. రిజల్ట్స్ పెట్టాక చూస్తే మా టీం పక్కన 255, మూడే చేసిన ఇంకో టీం 220తో ఫస్ట్.

కాలేజీ టీంలకి ప్రపంచస్థాయిలో జరిగే ప్రోగ్రామింగ్ పోటీ ఐసీపీసీలో అలా లెక్కెయ్యరు. సాల్వ్ అయిన ప్రాబ్లం మీద అంతకుముందు చేసిన తప్పులకే ఆ 20 నిమిషాలు, కానిదాని మీద ఎన్ని తప్పులున్నా పెనాల్టీ లేదు. అది న్యాయం కూడా, లేకపోతే కష్టమైన ప్రాబ్లం జోలికి ఎవరు పోతారు? ఇదంతా నేను గొంతు పెంచి చెప్పాను. అక్కడి సార్ కాగితం మీద వేలు పెట్టి, "ప్రతి అని ఉంది కదయ్యా" అన్నారు. ఉంది. ఐసీపీసీ పద్ధతి అని మాత్రం ఎక్కడా లేదు.

తిరుగు బండిలో బిట్రగుంట దాకా ఎవరం మాట్లాడలేదు. అక్కడ మావాడు అడిగాడు, "రేయ్, ఆ మూడు తప్పులు వాళ్లవైతే నువ్వు ఆ రూల్‌కి ఏ అర్థం చెప్పేవాడివి?" నాకు జవాబు రాలేదు. అంత కోపంలోనూ ఆ ప్రశ్న సూటిగా తగిలింది.

మరుసటి ఏడాది మన కాలేజీ పోటీకి రూల్స్ నేనే రాశాను. పెనాల్టీ రూల్ కింద పేరు లేకుండా మా లెక్కే ఉదాహరణగా వేశాను, 195 ఎలా వస్తుందో, 255 ఎందుకు రాదో. అయినా పోటీ మొదలైన అరగంటకి ఒకమ్మాయి లేచి, "కంపైల్ ఎర్రర్ కూడా తప్పు సబ్మిషనేనా అన్నా?" అంది. కంపైల్ ఎర్రర్ అంటే కోడ్‌లో తప్పుండి ప్రోగ్రాం అసలు నడవకముందే ఆగిపోవడం. అది మాకు తట్టనే లేదు. స్కోర్లు చూడకుండానే ముగ్గురం బయటికెళ్లి మాట్లాడుకుని, "కంపైల్ ఎర్రర్‌కి పెనాల్టీ లేదు" అని బోర్డు మీద రాసి అన్ని టీంలకీ చదివి వినిపించాం. తర్వాత లిస్టు తీస్తే అప్పటికే రెండు టీంలకి పడి ఉన్నాయి. ఆ 20 నిమిషాలు వాళ్ల ముందే కొట్టేశాం.