కొత్త స్పీకర్లలో మృదంగం ఎందుకు పలకలేదు

మొదటి ఆదివారం

నా కారు 2014 నాటి హ్యాచ్‌బ్యాక్. దానితో వచ్చిన కాగితపు కోన్ స్పీకర్లు పదేళ్లు పాడి గొంతు పోగొట్టుకున్నాయి. వాటి స్థానంలో ముందు తలుపుల్లో ఆరున్నర అంగుళాల కాంపోనెంట్ సెట్, అంటే కింది స్వరాలు పలికే వూఫర్, పై స్వరాలు పలికే ట్వీటర్ వేర్వేరుగా ఉండేది, పెట్టించాను. వెనక తలుపుల్లో ఆ రెండూ ఒకేదాంట్లో ఉండే కోయాక్సియల్ జత. డ్రైవర్ పక్క సీటు కింద చానెల్‌కు నిలకడగా 50 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే నాలుగు చానెళ్ల ఆంప్లిఫయర్. బిగింపు మొత్తం షాపువాళ్లే చేశారు.

ఇంటికి వస్తూ దారిలో ఒక కచేరీ పెట్టాను. వయొలిన్ చెవిలో సూది గుచ్చినట్టు వచ్చింది. మృదంగం కుడివైపు 'నం' వినపడుతోంది, ఎడమవైపు 'తోం' లేదు. గాయకుడు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు కాకుండా, కారు నాలుగు మూలలా తిరుగుతూ పాడుతున్నట్టు ఉంది. దానికి తోడు యాక్సిలరేటర్ తొక్కితే పైకి లేచే ఒక సన్నటి కూత.

"పాత స్పీకర్లే నయం కదండీ" అంది మా ఆవిడ. ఖర్చు వివరం ఆ రోజు చెప్పలేదు.

షాపుకు ఫోను చేస్తే బాస్ కోసమే విడిగా ఉండే సబ్ వూఫర్ పెట్టుకోమన్నారు. బాస్ లేదంటే బాస్ కొనుక్కోమనడం వ్యాపారంగా సరైన సలహానే. పాత స్పీకర్లలో ఉన్న బాస్ కొత్తవాటిలో ఎందుకు పోయిందో తేలేదాకా ఇంకో రూపాయి పెట్టకూడదని నిర్ణయించుకున్నాను. ఒకసారికి ఒకే మార్పు, ప్రతి మార్పు తరువాత అదే పాట, అదే వాల్యూమ్. అదీ నియమం.

రెండో ఆదివారం

ముందు డబ్బు ఖర్చుకాని పనులు. స్టీరియోలో పాత స్పీకర్ల కోసం బాస్, ట్రెబుల్ రెండూ చివరిదాకా పెంచి పెట్టుకున్న సంగతి మరిచిపోయాను. వాటిని సున్నాకు తెచ్చి, బాస్‌ను అదనంగా పెంచే లౌడ్‌నెస్ ఆపేశాను. ఫోనులోని ఈక్వలైజర్ కూడా తీసేసి, బ్లూటూత్‌కు బదులు పెన్ డ్రైవ్ నుంచి పాట పెట్టాను. సూది గుచ్చడం సగం తగ్గింది. మృదంగం సంగతి మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే.

అసలు ఆధారం అనుకోకుండా దొరికింది. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు తిప్పితే 'తోం' వచ్చింది. పూర్తిగా కుడికి తిప్పినా వచ్చింది. మధ్యకు తెస్తే మాయం! ఒక్కో స్పీకరు విడిగా పలుకుతూ, రెండూ కలిస్తే బాస్ పోతోందంటే అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టే.

మా అన్నయ్య కొడుకును పిలిచాను. ఆంప్ నుంచి స్పీకర్ల తీగలు ఊడదీసి, గోడ గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లును ఆ తీగల చివర ఒక్క క్షణం తాకించాను. సెల్లు ప్లస్ తీగ ప్లస్‌కు తాకితే కోన్ బయటకు ఉబకాలి. మధ్యలో, స్వరాలను వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే క్రాసోవర్ డబ్బా ఉన్నా ఇబ్బంది లేదు. అందులోని కాయిల్ గుండా డీసీ వూఫర్‌కు చేరుతుంది, ట్వీటర్ దారిలోని కెపాసిటర్ దాన్ని ఆపేస్తుంది.

"బాబాయ్, కుడివైపుది బయటకు వచ్చింది. ఎడమవైపుది లోపలికి పోయింది."

మళ్లీ చేశాం. మళ్లీ అంతే. ఎడమ తలుపులో ప్లస్, మైనస్ తారుమారయ్యాయి.

ఎలా జరిగిందో తరువాత అర్థమైంది. బయట కొనే స్టీరియోల వెనక తీగలకు ఒక రంగుల పద్ధతి ఉంది. ముందు ఎడమకు తెలుపు, ముందు కుడికి బూడిద, వెనక ఎడమకు ఆకుపచ్చ, వెనక కుడికి ఊదా. నల్ల గీత ఉన్నది మైనస్. కానీ కారు తయారీలో తలుపుల్లోకి వేసిన తీగలు ఆ పద్ధతిని పాటించవు. నా కారులో ఎడమ తలుపు రంగులు, కుడి తలుపు రంగులు కూడా ఒకటి కావు. బిగించినవారు రంగు చూసి ఊహించారు, సెల్లుతో చూడలేదు.

80 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. రెండు తలుపుల మధ్య దూరం అందులో మూడో వంతు మాత్రమే. ఒక కోన్ గాలిని నెడుతుంటే ఇంకొకటి లాగుతూ ఉంటే, ఆ పొడవు తరంగాలు మన చెవి దగ్గరికి చేరేసరికి చాలావరకు రద్దయిపోతాయి. పై స్వరాల తరంగాలు కొన్ని సెంటీమీటర్లే కాబట్టి అవి పూర్తిగా రద్దుకావు, గాయకుడు ఎక్కడున్నాడో తెలియకుండా చేస్తాయి. నాకు కనిపించిన రెండు లక్షణాలకూ కారణం ఒకటే.

రెండు తీగలు మార్చాను. కచేరీ పెట్టాను. గాయకుడు వచ్చి డ్యాష్‌బోర్డు మధ్యలో కూర్చున్నాడు. 'తోం' వచ్చింది. ఇంకా పీలగానే ఉన్నా, వచ్చింది.

మూడో ఆదివారం

తలుపులు. ప్యానెల్ ఊడదీసి చూస్తే, పాత స్పీకరు రంధ్రం కొత్తదాని కంటే పెద్దది. చుట్టూ వేలు దూరేంత సందు. స్పీకరు వెనక నుంచి వచ్చే గాలి ఆ సందులోంచి ముందుకు వచ్చి, ముందు శబ్దాన్ని మింగేస్తోంది. నిన్నటిదాకా రెండు స్పీకర్ల మధ్య జరిగిన కథే ఇప్పుడు ఒకే స్పీకరు ముందూ వెనకా జరుగుతోంది.

12 మిల్లీమీటర్ల పీవీసీ ఫోమ్ బోర్డుతో రింగులు కోయించాను. ఎండీఎఫ్ చెక్క గట్టిదే, కానీ వానాకాలంలో తలుపు లోపల నీళ్లు కారుతాయి, అది ఉబ్బుతుంది. రింగు కింద, స్పీకరు కింద ఫోమ్ టేపు. తలుపు బయటి రేకు లోపలివైపున రేకు అదరకుండా ఆపే బ్యూటైల్ రబ్బరు షీట్లు అంటించి రోలరుతో నొక్కాను. విజయవాడ మే ఎండ ఒక్కదానికే పనికొచ్చింది: షీటు మైనంలా మెత్తబడి అంటుకుంది. లోపలి రేకుకు ఉన్న పెద్ద రంధ్రాలు కూడా మూసేశాను. తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు మాత్రం మూయకూడదు. ప్యానెల్ పెట్టేముందు అద్దం పూర్తిగా దించి, స్పీకరు అయస్కాంతానికి తగలడం లేదని చూసుకోవాలి.

ఒక్కో తలుపుకు మూడు గంటలు పట్టింది. నడుము పట్టేసింది. అయినా ఈ డైరీలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదే. తలుపు మూస్తే డబ్బా చప్పుడుకు బదులు 'దప్'మని వస్తోంది.

నాలుగో ఆదివారం

ఆంప్ మీద ఉండే గెయిన్ మరను చాలామంది వాల్యూమ్ అనుకుంటారు. షాపులో దాన్ని ముప్పావు తిప్పి వదిలారు. స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టడమే దాని పని.

లెక్క తేలిక. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయాలి. ఆంప్ 50 వాట్లను స్పీకరు 4 ఓమ్‌లతో గుణిస్తే 200, దాని వర్గమూలం 14.1 వోల్టులు. స్పీకర్లు ఊడదీసి, ఒకే స్వరం ఆగకుండా పలికే 60 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్టీరియో వాల్యూమ్‌ను 40లో 30 దగ్గర ఉంచి, మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి ఆంప్ చివర కొలిచాను. 18.6! అంటే తరంగం నున్నగా రాక, తల తెగి వస్తూ ఉండవచ్చు. ట్వీటర్లు కాలిపోయేది ఇలాగే. మరను కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పి 14 దగ్గర ఆపాను.

60 హెర్ట్జ్ టోనే ఎందుకంటే, చవక మీటర్లు ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ కోసం చేసినవి. పెద్ద ఫ్రీక్వెన్సీలకు తప్పు చెప్పవచ్చు. కొలిచేటప్పుడు, కింది స్వరాలను ఆపేసే హై పాస్ ఫిల్టరు తీసేయాలి. తరువాత దాన్ని 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. ఆరున్నర అంగుళాల కోన్‌తో అంతకంటే కింది స్వరాలు పలికించబోతే మిగతావీ పాడవుతాయి.

ఐదో ఆదివారం

కూత. ఆంప్ దగ్గర, స్టీరియో నుంచి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ తీగలు పీకితే ఆగిపోయింది. కాబట్టి ఆ తీగల గుండా వస్తోంది, కానీ తప్పు వాటిది కాదు. ఇంజిన్ నడుపుతూ పాట గట్టిగా పెట్టి కొలిస్తే బ్యాటరీ దగ్గర 14.2, ఆంప్ దగ్గర 13.1. ఆంప్ మైనస్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్యే 0.8 వోల్టులు పోతోంది. ఆంప్ మైనస్‌ను కారు రేకుకు కలిపే గ్రౌండ్ తీగను సీటు బోల్టు కింద పెయింటు మీదే బిగించారు. దాంతో స్టీరియో గ్రౌండ్, ఆంప్ గ్రౌండ్ సమానంగా లేక, ఆ తేడా ఆర్‌సీఏ కవచం గుండా పారుతోంది.

రేకు మెరిసేదాకా సాండ్ పేపరుతో గీకి, తీగ చివర కొత్త లగ్గుతో (లోహపు కొక్కెంతో) బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు రాశాను. 0.8 కాస్తా 0.1 అయింది. కూత లేదు. మిగిలిన 0.3 పవర్ తీగది. కోసి చూస్తే అది పూర్తి రాగి కాదు, రాగి పూత వేసిన అల్యూమినియం. ప్రస్తుతానికి దానితోనే సరిపెడుతున్నాను. ఫ్యూజు మాత్రం ఆంప్ పక్కన ఉంటే బ్యాటరీకి జానెడు దూరంలోకి మార్చాను. ఫ్యూజు కాపాడాల్సింది మధ్యలో ఉన్న తీగను.

ఆరో ఆదివారం

ఏలూరు దాకా వెళ్లి వచ్చాం. మా ఆవిడ ఏమీ అనలేదు, వాల్యూమ్ మాత్రం తనే రెండు గీతలు పెంచింది. సబ్ వూఫర్ కొనలేదు.

ఇక మిగిలింది కుడి తలుపులో ఒక గలగల. టోన్ 110 హెర్ట్జ్ దాటుతుంటే మొదలై 120 దగ్గర ఆగుతోంది. ప్యానెల్‌ను చేత్తో నొక్కినా పోలేదు. తాళం దగ్గరికి వెళ్లే కడ్డీ అని అనుమానం. దానికి చుట్టడానికి గుడ్డ టేపు తెచ్చి పెట్టాను, వాన తగ్గాలి.